సూర్యుని సానపట్టినవారు

పురాణములలో ఒక కథ కలదు. విశ్వకర్మ కూతురైన సంజ్ఞాదేవి సూర్యుని పెండ్లాడెను గాని, భర్త తేజమును కన్నెత్తి చూడజాలకపోయెను. కొంతకాలము ఓర్చుకొని, పిమ్మట ఓర్వలేక, తన నీడయైన ఛాయాదేవిని తనకు మారుగా ఇంట నిలిపి ఆమె వెడలిపోయెను. సంగతి తెలిసికొన్న మామగారు అల్లుని సానపట్టి ఆ తేజములో ఎనిమిదవ వంతు అరగదీసెననియు, రాలిన పొడితోనే విష్ణువునకు చక్రమును, శివునకు త్రిశూలమును చేసెననియు విష్ణుపురాణము చెప్పుచున్నది.

నేడు మనము కెమేరాతో తీసిన చిత్రమును ఛాయాచిత్రమనుచున్నాము. సూర్యుని ఛాయను పలకపై నిలుపబూనిన ప్రతివాడును ముందుగా ఆ మామగారి పనియే చేయవలసి వచ్చెను. తక్కిన నక్షత్రములను చిత్రించువాని కష్టము వేరు. అతనికి వెలుగు చాలదు. గంటల తరబడి దూరదర్శినిని నక్షత్రము వెంట త్రిప్పుచు కొద్దికొద్దిగా కాంతిని కూడబెట్టుకొనవలెను. సూర్యుని చిత్రించువానికి వెలుగు పొంగి పొరలుచుండును. పున్నమి చంద్రుని కంటె సూర్యుడు సుమారు 4 లక్షల రెట్లు ప్రకాశవంతుడు. ఆ వెలుగులో నూరింట తొంబదితొమ్మిది పాళ్లకు మించి పారవేసినగాని బింబముపై నున్నదేదియు కనబడదు.

ఏ వెలుగును పారవేయవలెను, దేనిని ఉంచుకొనవలెను అను ప్రశ్నకు దొరికిన సమాధానముల వరుసయే సూర్యుని ఛాయాచిత్రముల చరిత్ర. ఆ సమాధానములు చెప్పినవారిలో పలువురు కొలువులో నున్న జ్యోతిశ్శాస్త్రజ్ఞులు కారు. సొంత ఇంట దూరదర్శినిని నెలకొల్పుకొన్న వర్తకులు, ఔత్సాహికులు వారిలో కలరు. ఆ చరిత్రలో ఒక ముఖ్యఘట్టము మన గుంటూరున నడచెను.

ఫొటోగ్రఫీ పుట్టక మునుపే ఈ ప్రశ్న పుట్టెను. దూరదర్శిని వచ్చిన తొలి దినములలో, 17వ శతాబ్ది ఆరంభమున, గెలీలియో శిష్యుడైన కాస్టెల్లి ఒక క్షేమకరమైన ఉపాయము చెప్పెను. సూర్యుని దూరదర్శిని గుండ చూడక, ఆ బింబమును వెనుక నుంచిన తెల్లకాగితముపై పడనిచ్చి, కాగితమును చూచుటయే ఆ ఉపాయము. బడిపిల్లలకు సూర్యుని చూపుటకు నేటికిని ఇంతకంటె తేలికయైన మార్గము లేదు.

సూర్యుని నేరుగా చూడగోరినవారు రంగు గాజులను ఆశ్రయించిరి. 1800లో ఇంగ్లండున విలియం హెర్షెల్ పలురంగుల గాజులతో సూర్యుని పరిశీలించుచు ఒక వింతను గమనించెను. కొన్ని గాజుల గుండ వెలుగు మిక్కిలి తక్కువగా వచ్చినను వేడిమి కంటికి బాగుగా తగులుచుండెను. మరికొన్నిటి గుండ వెలుగు ఎక్కువగా వచ్చినను వేడిమి అంతగా తెలియకుండెను. కారణమేమని అతడు సూర్యకాంతిని పట్టకముతో ఏడురంగులుగా విడదీసి, రంగు రంగునకు ఉష్ణమాపకము నుంచి చూచెను. ఎరుపునకు ఆవల, ఏ రంగును కానరాని చోట, పాదరసము మరింత పైకెక్కెను. నేడు మనము పరారుణ కిరణములనుచున్నవి అట్లు బయటపడెను. సూర్యునికి తగిన గాజు కొరకు వెదకినవానికి కనబడని వెలుగు దొరకెను. గాజు నల్లగా నున్నంత మాత్రమున కంటికి రక్షణ కాజాలదనుట ఇందలి నీతి. దీనిని మనము చివర మరల తలచుకొనవలసియుండును.

హెర్షెల్ అనంతరము సూర్యునిపై శ్రద్ధ చూపినవారిలో జర్మనీ దేశమున దెస్సౌ పట్టణపు ఔషధ వర్తకుడు శ్వాబే ఒకడు. బుధునికి లోపలివైపున తిరుగు క్రొత్త గ్రహమేదైనను సూర్యబింబమునకు అడ్డుపడునా యని అతడు 1826 మొదలుకొని మబ్బులేని ప్రతిదినమును చూచి, బింబముపైని మచ్చలను లెక్కవ్రాసికొనెను. గ్రహము దొరకలేదు. పదునేడేండ్ల లెక్కలను వరుసగా పెట్టి చూచునప్పటికి మచ్చలు సుమారు పదేండ్లకొక పర్యాయము పెరిగి తరుగుచున్నవని తేలెను. నేడు శాస్త్రజ్ఞులు ఆ ఆవృత్తిని సగటున పదునొకండేండ్లుగా లెక్కించుచున్నారు.

శ్వాబే వలెనే ఇంగ్లండున కారింగ్టన్ అను సంపన్నుడు తన సొంత వేధశాలలో దినదినమును మచ్చల పటములు గీయుచుండెను. 1859 సెప్టెంబరు 1వ తేదీ ఉదయమున అతడు గీయుచుండగా, ఒక పెద్ద మచ్చల గుంపుపై కన్నులు మిరుమిట్లు గొల్పు రెండు తెల్లని కాంతిరేఖలు తటాలున మెరసెను. సాక్షి కావలెనని అతడు లోనికి పరుగెత్తి, నిమిషము లోపల మరలి వచ్చునప్పటికే ఆ కాంతి చాలవరకు అణగిపోయియుండెను. మొత్తము ఐదు నిమిషములలో అంతయు ముగిసెను. మరునాటికి భూమిపై అయస్కాంతపు ముండ్లు అల్లాడెను. తంతి మార్గములు చెడెను. ధ్రువప్రాంతములకే పరిమితమైన వింత కాంతులు ఉష్ణమండలపు ఆకాశమున కనబడెను. కారింగ్టన్ భాగ్యమున హాజ్‌సన్ అను మరొక ఔత్సాహికుడు వేరొక చోట నుండి అదే మెరుపును చూచియుండెను. లేనిచో ఒక్కని మాటను లోకము ఎంతవరకు నమ్మియుండునో చెప్పజాలము.

కన్ను చూచును, చేయి గీయును. కాని కన్ను పొరపడవచ్చును, చేయి తడబడవచ్చును. సూర్యునిపై జరుగు సంగతులు నిమిషములలో మారిపోవునవి. వానికి మారుమాట లేని సాక్షి కావలెను. ఛాయాచిత్రము ఆ లోటును తీర్చుటకు వచ్చెను.

దాగేర్ పద్ధతి 1839లో లోకమునకు వెల్లడియయ్యెను. వెండిపూత గల రాగిరేకుపై బింబమును నిలుపు పద్ధతి అది. మనుష్యుని చిత్రము తీయవలెనన్న, ఆ తొలి దినములలో అతడు కదలక మెదలక చాలసేపు కూర్చుండవలసి వచ్చెడిది. సూర్యుని విషయమున చిక్కు తలక్రిందులయ్యెను. రేప్పపాటు కాలము తెరచినను రేకు మాడినట్లయి మచ్చలన్నియు మునిగిపోవుచుండెను. 1845 ఏప్రిల్ 2వ తేదీన పారిస్ నగరమున ఫిజో, ఫూకో అను ఇరువురు యువశాస్త్రజ్ఞులు సెకనులో అరువదవ వంతు కాలము మాత్రము వెలుగును పడనిచ్చి, సుమారు 12 సెంటీమీటర్ల సూర్యబింబమును రేకుపై నిలిపిరి. మచ్చలు స్పష్టముగ పడెను. బింబము నడుమ కంటె అంచుల వైపు మసకగా నుండుట కూడ ఆ చిత్రమున కనబడెను. వెలుగును కాలముతో కోయుట సూర్యునికి పట్టిన మొదటి సాన.

పిమ్మట 1851 జూలై 28వ తేదీన కోనిగ్స్‌బర్గ్ వేధశాలలో బెర్కోవ్‌స్కీ అను ఛాయాగ్రాహకుడు సంపూర్ణ సూర్యగ్రహణ వేళ చిన్న దూరదర్శినితో 84 సెకనుల పాటు రేకును తెరచియుంచి, చంద్రుని నల్లని పళ్లెరము చుట్టును వెలుగు తేజోవలయమును, అంచున లేచిన జ్వాలలను చిత్రించెను. అంతకు పూర్వము సంపూర్ణ గ్రహణమునకు సరియైన ఛాయాచిత్రము లేదు. సూర్యునికి ఒకనాడు సెకనులో అరువదవ వంతే ఎక్కువ. మరొకనాడు నిమిషమునకు మించిన కాలము కావలసి వచ్చెను. అడ్డుగా చంద్రుడు నిలిచినందువలననే ఈ తేడా. బింబమును మరుగుపరచుట రెండవ సాన.

ఈ పనిని శాస్త్రముగా నిలబెట్టినవాడు వారెన్ డిలారూ. ఇతని కుటుంబమునకు లండనున కాగితముల వ్యాపారము, ముద్రణాలయము ఉండెను. పేకముక్కలు, తపాలా బిళ్లలు అచ్చువేసిన ఆ సంస్థయే 1855 మొదలుకొని చిరకాలము మన దేశపు తపాలా బిళ్లలను కూడ అచ్చువేసెను. 1851 నాటి లండను మహాప్రదర్శనమున అమెరికా నుండి వచ్చిన చంద్రుని ఛాయాచిత్రమును చూచి అతని మనస్సు అటు తిరిగెను. సూర్యునికి దినమునకొక చిత్రము తీయవలెనని జాన్ హెర్షెల్ కొంతకాలముగ చెప్పుచుండెను. డిలారూ అందులకు తగిన యంత్రమును రూపొందింపగా, 1857లో అది క్యూ వేధశాలకు సిద్ధమయ్యెను. దాని కటకము అడ్డుకొలత మూడున్నర అంగుళములకు కొంచెము లోపు. అనగా నేడు ఔత్సాహికులు వాడు చిన్న దూరదర్శినులంతటిది. బింబము ఏర్పడు చోట ఒక సన్నని చీలిక గల పలకను దారముతో పట్టియుంచి, దారము తెంచగానే అది వేగముగ జారిపోవునట్లు అమర్చిరి. ఆ చీలిక దాటిపోవునంతసేపే వెలుగు లోనికి పడును.

అట్టి యంత్రమును డిలారూ 1860 జూలైలో స్పెయిను దేశమునకు కొనిపోయెను. అప్పటి జ్యోతిశ్శాస్త్రజ్ఞులను వేధించుచున్న వివాద మొకటి కలదు. గ్రహణవేళ కనబడు ఎర్రని జ్వాలలు సూర్యునివా, చంద్రునివా, లేక మన కంటి భ్రమయా? ఆ నెల 18వ తేదీ గ్రహణమును డిలారూ రివబెల్లోసా గ్రామమునను, ఇటలీ దేశపు మతాచార్యుడు సెక్కీ దూరముగ మధ్యధరా తీరమునను చిత్రించిరి. రెండు చోట్లను తీసిన చిత్రములను పోల్చి చూడగా జ్వాలల ఆకారములు ఒక్కటిగనే యుండెను. చంద్రుడు జరిగిన కొలది ఒకవైపు జ్వాలలను కప్పుచు, రెండవవైపు వానిని విప్పుచు పోయినట్లును పలకలు చూపెను. జ్వాలలు చంద్రునివే యైనచో అట్లు జరుగదు. ఏండ్ల తరబడి సాగిన వాదము గాజుపలకలతో ముగిసెను.

జ్వాలలు సూర్యునివే. సరే, అవి దేనితో చేయబడినవి? ఈ రెండవ ప్రశ్నకు సమాధానము తెలుగునాట లభించెను.

1868 ఆగస్టు 18వ తేదీ ఉదయమున సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ పడమటి తీరము నుండి దక్కనును దాటి కృష్ణా ముఖద్వారమున సముద్రమున ప్రవేశించెను. మద్రాసు వేధశాల పక్షమున పాగ్‌సన్ మచిలీపట్టణమున మకాము చేసెను. అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెడలెను. గుంటూరున ఇద్దరు దిగిరి: బ్రిటిషు సైన్యపు ఇంజనీరు టెన్నెంట్, ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్. టెన్నెంట్ గ్రహణపు ఛాయాచిత్రములు తీయుటకును, జాన్సెన్ జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో విడదీసి చూచుటకును వచ్చిరి.

ఆనాటి ఛాయాగ్రహణము నేటివలె మీట నొక్కుటతో తీరునది కాదు. గాజుపలకకు కొలోడియను అను జిగటద్రవమును పూసి, వెండిలవణపు నీట ముంచి, తడి ఆరక మునుపే కెమేరాలో నుంచి చిత్రము తీసి, తడి ఆరక మునుపే చీకటిగదిలో కడుగవలెను. ఆగస్టు నెలలో గుంటూరు వేడిమికి తడి ఎంతసేపు నిలుచును? సంపూర్ణ గ్రహణము ఐదు నిమిషములకు పైగా నుండినను, ఆ ఐదు నిమిషములలో పలకలను ఒకటి వెంట ఒకటి మార్చుట సామాన్యమైన పని కాదు. పైగా ఆ ఉదయమున పలుచని మబ్బు ఆకాశమును ఆవరించెను. అయినను టెన్నెంట్ బృందము చిత్రములను సాధించెను. తేజోవలయము అంతగా పడలేదు గాని, సూర్యుని అంచు నుండి కొమ్మువలె నిక్కి మెలిదిరిగిన ఒక మహాజ్వాల పలకలపై నిలిచెను. నాటి శాస్త్రజ్ఞులు దానికి ‘మహాశృంగము’ అనదగిన పేరే పెట్టిరి.

జాన్సెన్‌కు దొరకినది మరింత గొప్పది. వర్ణపటదర్శినిలో ఆ జ్వాలలు నిరంతరమైన రంగుల పట్టీగా గాక, విడివిడి కాంతిరేఖలుగ కనబడెను. అనగా అవి కాగుచున్న వాయువు. అందు ముఖ్యమైనది హైడ్రోజను. రేఖలు ఎంత తేజోవంతముగ నుండెననగా, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునను తలంపు అతనికి అప్పుడే కలిగెను. ఆ దినము మబ్బులు అడ్డుపడగా, మరునాడు 19వ తేదీ ఉదయముననే గుంటూరున అతడు ఆ పని సాధించెను. వర్ణపటదర్శిని సూర్యుని మామూలు వెలుగును పలురంగులుగా పరచి పలుచన చేయును; జ్వాల వెలుగు కొన్ని రేఖలలోనే పోగుపడి యుండుటచే అది పలుచన కాదు. చంద్రుని అడ్డుతో పనిలేకపోయెను.

ఇదే ఉపాయమును ఇంగ్లండున లాకియర్ స్వతంత్రముగ సాధించెను. ఇరువురి లేఖలును 1868 అక్టోబరు 26వ తేదీన పారిస్ శాస్త్రపరిషత్తునకు ఒకే సమావేశమున అందెను. ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి ముఖములతో ఒకే పతకము వేయించెను. జ్వాలల వర్ణపటమున కనబడిన ఒక పసుపు రేఖ ఏ మూలకమునకును సరిపడకపోగా, దానికి సూర్యుని గ్రీకు పేరును బట్టి హీలియమని నామకరణము జరిగెను. 1895లో రామ్సే దానిని భూమిపై కనుగొనెను. నేడు మన తిరునాళ్లలో బుడగలను ఎగురవేయు ఆ వాయువునకు, మచిలీపట్టణపు ఆకాశమునకు ఇట్లు ఒక బాంధవ్యము కలదు; అచ్చట పాగ్‌సన్ కూడ ఆ పసుపు రేఖను గుర్తించెను.

ఆరేండ్లకు, 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచెను. జాన్సెన్ జపానులోని నాగసాకి చేరి, తిరుగు చక్రము గల ఒక కెమేరాతో 72 సెకనులలో 48 చిత్రములు వరుసగా తీయు ఏర్పాటు చేసెను. తరువాత వచ్చిన సినిమా యంత్రములకు పూర్వికులలో దీనినొకటిగా చరిత్రకారులు లెక్కింతురు. అదే దినమున మన విశాఖపట్టణమున అంకితం వెంకట నరసింగరావు తన ఇంటి వేధశాల నుండి ఆరంగుళముల దూరదర్శినితో ఆ సంఘటనను పరిశీలించి లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి వివరము పంపెను. ఆ వేధశాలను 1840లో గోడే వెంకట జగ్గారావు సొంత ధనముతో నెలకొల్పెను. నరసింగరావు ఆయన అల్లుడు. కాని ఆ శుక్రసంక్రమణ ఛాయాచిత్రములు అనుకొన్నంత ఫలమీయలేదు. పలకపై శుక్రుని అంచును, సూర్యుని అంచును అలుకుకొనిపోవుటచే వానిని సూక్ష్మముగ కొలుచుట అసాధ్యమయ్యెను. సాక్షి నోరు విప్పెను గాని నత్తిగా పలికెను.

ఆ నత్తికి మందు కనుగొన్నవాడును జాన్సెనే. పలకపై వెలుగు ఎక్కువసేపు పడినప్పుడు కాంతిగల చోటు ఉబ్బి ప్రక్కచోటును ఆక్రమించునని అతడు గ్రహించి, మ్యూడాన్ వేధశాలలో తెరచు కాలమును సెకనులో రెండు మూడు వేల వంతులకు తగ్గించెను. అప్పుడు సూర్యుని ముఖమంతయు ఉడుకుచున్న అన్నమువలె, గింజ గింజగా కనబడెను. ఒక్కొక్క గింజ సుమారు వెయ్యి కిలోమీటర్ల వెడల్పు గలది; పది నిమిషములు కూడ సరిగా నిలువక కరగిపోయి, దాని చోట మరొకటి పైకి వచ్చును. లోపలి వేడివాయువు పొంగి వచ్చి, చల్లారి, మరల దిగుటయే దాని రహస్యము. ఎక్కువ వెలుగు పట్టినంతకాలము దాగియున్న రూపము, వెలుగును కోసిన కొలది బయటపడెను.

గుంటూరు గ్రహణము జరిగిన 1868వ సంవత్సరముననే అమెరికాలో జార్జి ఎలెరీ హేల్ జన్మించెను. చికాగో నగరమున తండ్రి ఇంటి వెనుక 12 అంగుళముల దూరదర్శినితో అతనికి సొంత వేధశాల ఏర్పడెను. 1889లో ఒకనాడు వీధి ట్రాముబండిలో పోవుచుండగా అతనికొక ఆలోచన తట్టెను. జాన్సెన్ కంటితో చూచినదానిని పలకపై ఏల పట్టరాదు? రెండు సన్నని చీలికలు తీసికొనుము. మొదటిది సూర్యబింబమునుండి ఒక సన్నని నిలువుపట్టీని మాత్రము లోనికి విడుచును. వర్ణపటదర్శిని దానిని రంగులుగా పరచును. రెండవ చీలిక ఆ రంగులలో ఒకే ఒక రేఖను పలకపైకి పోనిచ్చును. మొదటి చీలిక బింబము మీదుగా జరుగుచున్నప్పుడు దానికి జతగా పలకయు జరిగినచో, ఆ ఒక్క రంగులో సూర్యుని పూర్తి చిత్రము పట్టీ పట్టీగా నేయబడును. 1891లో అతడు జ్వాలలను, మరుసటి యేట సూర్యుని ముఖముపైని కాల్షియపు మేఘములను ఇట్లు చిత్రించెను. ఫ్రాన్సున దెలాంద్ర్ కూడ స్వతంత్రముగ ఇట్టి యంత్రమునే సాధించెను. రంగునుబట్టి కోయుట మూడవ సాన. ఒక్కొక్క రేఖ సూర్యుని వాతావరణమున ఒక్కొక్క ఎత్తును చూపునది గనుక, ఒకే సూర్యునికి పెక్కు ముఖములున్నట్లు తేలెను. 1908లో హేల్, హైడ్రోజను ఎర్రరేఖలో మచ్చల చుట్టును సుడులను చూచి, మచ్చలలో బలమైన అయస్కాంతక్షేత్రము కలదని నిరూపించెను. కారింగ్టన్ నాటి అయస్కాంతపు ముండ్లు ఏల అల్లాడెనో తెలియుటకు దారి దొరకెను.

మన దేశమున ఈ పనికి నిలయము కొడైకెనాలు. కరవులు పదేపదే మద్రాసు రాజధానిని పీడించిన ఆ కాలమున, సూర్యుని మచ్చలకును మన వానలకును సంబంధమేమైన కలదేమో తెలిసికొనవలెనను ఆశయు అచ్చట సౌరవేధశాల ఏర్పడుటకు ప్రేరకమయ్యెను. మచ్చలు చూచి వానలు చెప్పవచ్చునను ఆశ నెరవేరలేదు. కాని 1904 మొదలుకొని ఆ కొండపై మబ్బులేని దినములలో సూర్యుని చిత్రము తీయు ఆచారము నిలిచెను. 1907లో అచ్చట చేరిన జాన్ ఎవర్షెడ్ మొదట ఇంగ్లండున సొంత వేధశాల గల ఔత్సాహికుడే. 1909లో అతడు, మచ్చ నడుమ నుండి వాయువు అంచుల వైపు ప్రవహించుచున్నదని వర్ణపట చిత్రములనుబట్టి కనుగొనెను. ఆ ప్రవాహము నేటికిని అతని పేరుననే పిలువబడుచున్నది.

ఇట్టి దినచర్య విలువ తీసినవానికి తెలియదు. గ్రీన్విచ్ వేధశాల 1874 నుండి 1976 వరకు దినదినమును సూర్యుని చిత్రపటముల లెక్క నడపెను. ఇంగ్లండున మబ్బు పట్టిన దినములకు డెహ్రాడూన్, మారిషస్, కొడైకెనాలు పలకలు ఆ ఖాళీలను పూరించెను. అంకెల యంత్రములు కలలోనైన లేని కాలపు ఆ గాజుపలకలను నేటివారు కంప్యూటర్లలోనికి ఎక్కించి, నూరేండ్ల సౌరచక్రములను ఒక్కచోట పరచి పరీక్షించుచున్నారు. తీసినవారు అడుగని ప్రశ్నలకు ఆ పలకలు సమాధానములు చెప్పుచున్నవి.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ లియో 1930 ప్రాంతమున, దూరదర్శిని లోపలనే ఒక బిళ్లతో సూర్యబింబమును కప్పి, గ్రహణము లేకయే తేజోవలయమును పట్టు యంత్రమును సాధించెను. స్ఫటికపు బిళ్లలను పేర్చి, ఒకే రేఖను విడుచు వడపోతను కూడ అతడు 1933లో ఊహించెను. చీలికలతో పట్టీ పట్టీగా నేయవలసిన పని లేకుండ, ఫిల్టరులో నుండి మొత్తము సూర్యుని ఒక్క రంగులో ఒక్కమారుగ చూచుటకు వీలు కలిగెను. నేడు మధ్యతరగతి ఔత్సాహికుని చేతికి వచ్చిన హైడ్రోజను ఫిల్టరులలో పెక్కింటికి ఆధారము 1899 నాటి ఫాబ్రీ, పెరో అనువారి పరికరము. మిక్కిలి దగ్గరగ నిలిపిన రెండు చదునైన గాజుపలకల నడుమ వెలుగు ముందువెనుకలకు ప్రతిఫలించుచు, ఆ ఎడమునకు సరిపడిన రంగును మాత్రమే వెలికి విడుచును. 656.3 నానోమీటర్ల ఎర్రరేఖ చుట్టును నానోమీటరులో పదవ వంతునకు లోపలి పట్టీనే అది పోనిచ్చును. జాన్సెన్ గుంటూరున చూచిన జ్వాలలు నేడు మూడంగుళముల దూరదర్శినితో మేడమీద నిలిచినవానికి కనబడుచున్నవి.

మచ్చలతో తృప్తిపడువారికి ఇంత ఖర్చు కూడ అక్కరలేదు. లోహపు పూత గల పలుచని పొర ఒకటి అమ్మకమునకు దొరకును. సూర్యుని వెలుగులో లక్షవ వంతును మాత్రమే అది విడుచును. దానిని దూరదర్శిని ముందుభాగమున గాలికి ఊడిపోకుండ బిగింపవలెను. ప్రక్కన గురిచూచుటకుండు చిన్న గొట్టమునకు కూడ మూత పెట్టవలెను. ఉదయము, ఎండకు నేల కాగక మునుపు, గాలి నిలకడగా నుండును గనుక అది చిత్రమునకు అనువైన వేళ. మచ్చ అంచు పదునుగ కనబడువరకు కటకమును సరిచేసి, నిమిషము పాటు చలనచిత్రముగ వేలకొలది చిత్రములు తీసి, అందు గాలి వణకని క్షణములలో పడినవానిని మాత్రము కంప్యూటరుతో ఏరి ఒకదానిపై నొకటి పేర్తురు. జాన్సెన్ సెకనులో వేలవంతులు కోసినది ఈ వణకు నుండి తప్పించుకొనుటకు కూడ ఉపకరించెను. ఇట్టి చిత్రములలో సూర్యుడు నారింజపండువలె కనబడిన శ్రోతలు ఆశ్చర్యపడవలదు. పలుమారు చిత్రము తెలుపు నలుపులలో తీసి పిదప రంగు వేయుదురు. వాతావరణమునకు ఆవల సూర్యుని నిజవర్ణము తెలుపు.

ఇక హెర్షెల్ నీతి. కన్నులోని తెరకు నొప్పి తెలియదు. కాలిపోవుచున్నను అది కేక వేయదు. మసిగాజు, పాత ఎక్స్‌రే ఫిలిము, నల్లకళ్లద్దములు, పళ్లెములోని పసుపునీరు ఇవి వెలుగును తగ్గించినట్లు కనబడునే గాని, కనబడని కిరణములను ఆపునని నమ్మరాదు. దూరదర్శిని వెనుక కన్నుంచు చోట బిగించు చిన్న నల్లగాజులు మరింత ప్రమాదకరములు. కటకము కూడబెట్టిన వేడికి అవి ఒక్కమారుగ పగులును. అప్పుడు రెప్ప వాల్చుటకును వ్యవధి యుండదు. వడపోత ఎల్లప్పుడు ముందుండవలెను. దానిని దీపమునకు ఎదురుగ పట్టి సూదిబెజ్జమైనను కనబడినచో విడిచిపెట్టవలెను. పిల్లలను ఒంటరిగ యంత్రము వద్ద విడువరాదు. నిశ్చయము లేనివారికి కాస్టెల్లి చెప్పిన తెల్లకాగితము కలదు.

2023 సెప్టెంబరు 2వ తేదీన మన శ్రీహరికోట నుండి ఆదిత్య-ఎల్1 నౌక బయలుదేరి, 2024 జనవరి 6వ తేదీన భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన స్థానము చేరుకొనెను. అందలి ఒక దూరదర్శిని 11 ఫిల్టరులతో, మన గాలి అడ్డగించు నీలలోహితాతీత కాంతిలో సూర్యుని పూర్ణబింబమును చిత్రించునట్టిది. మరొక యంత్రము లియో పద్ధతిన బింబమును మరుగుపరచి తేజోవలయమును చూచునట్టిది. కాలమున కోయుట, బింబమును కప్పుట, రంగును ఏరుట: మూడు సానలును ఆ ఒక్క నౌకలో కలిసి పయనించెను. గుంటూరున తడిపలకలు ఆరునేమో యని తొందరపడిన ఆ ఉదయమునకును, శ్రీహరికోట ప్రయాణమునకును నడుమ 155 ఏండ్లు గడచెను. రెండు చోట్లును ఒకే తీరమునకు చేరువలోనున్నవి. ఈ మారు మచిలీపట్టణము మీదుగ పోవు శ్రోతలు, ఆ ఆకాశమున ఒకనాడు పసుపురేఖ యొకటి కనబడెనని పిల్లలకు చెప్పుదురుగాక.